36 ఏళ్లకే మెడ నాళంలో పూడికా? లూపస్ ఉన్న సోదరికి సమాధానం

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది పలాస దగ్గర పల్లె. జీడిపప్పు పరిశ్రమలో పప్పు ఏరే పనికి వెళ్తాను. తొమ్మిదేళ్ల కిందట లూపస్ అని తేలింది. రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 10 మి.గ్రా., హైడ్రాక్సీక్లోరోక్విన్ 400 మి.గ్రా. వేసుకుంటున్నాను. బరువు 52 కిలోలు. షుగర్ లేదు. ఈమధ్య విశాఖలో డాక్టరుగారు మెడకు స్కానింగ్ తీయించి, ఎడమవైపు నాళంలో 1.8 మి.మీ. ప్లాక్ ఉందని, నా రక్తనాళాలకు నాకంటే వయసెక్కువని చెప్పి కొలెస్ట్రాల్ మాత్ర రాశారు. నా చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 118. ల్యాబ్ కాగితంలో అది నార్మల్ అనే ఉంది. బీపీ 138/88. కొన్ని నెలలుగా మూత్రం నురగ కడుతోంది. ఉద్దానం నీళ్ల వల్లే అంటున్నారు ఇంట్లోవాళ్లు. కీళ్లు బాగా పట్టేసినప్పుడు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుంటాను. ఇద్దరు పిల్లలు. మధ్యలో ఒక కాన్పు ఐదో నెలలో పోయింది. తర్వాత పిల్లలు కలగకుండా ఆపరేషన్ అయింది. ఇప్పుడు స్టెంటు వేయించుకోవాలా? నెయ్యి, కొబ్బరి మానేయాలా? స్టెరాయిడ్ ఆపేసి తిప్పతీగ కషాయం తాగమంటున్నారు, తాగవచ్చా? మా అత్తగారు ఇంట్లోనే చుట్ట కాలుస్తారు, దానివల్ల నాకేమైనా అవుతుందా?

సమాధానం: అమ్మా, ముందు స్టెంటు సంగతి. అక్కర్లేదు. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం లోపలి వెడల్పు సుమారు 6 మి.మీ. ఉంటుంది. మీ వయసులో దాని గోడ మందం మిల్లీమీటరు లోపే ఉండాలి. 1.5 మి.మీ. చేరితే దాన్ని ప్లాక్ అంటారు. మీది 1.8. అంటే గోడ మీద చిన్న దిబ్బ మొదలైంది, దారి మూసుకుపోలేదు. రిపోర్టులో 'స్టెనోసిస్' (నాళం సన్నబడటం) అనే మాట పక్కన శాతం రాసి ఉంటుంది, చూసుకోండి. అది 50 లోపు ఉండి, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం లాంటివేవీ జరగకపోతే ఆ నాళానికి స్టెంటూ వేయరు, ఆపరేషనూ చేయరు.

సన్నగా ఉన్నాను, షుగర్ లేదు, మరి నాకెందుకొచ్చిందన్నది మీ ఉత్తరమంతా ఉన్న ప్రశ్న. లూపస్ అంటే రోగనిరోధక శక్తి అదుపు తప్పి సొంత ఒంటి మీదే పడే జబ్బు. అందులో రక్తనాళం లోపలి పొర ఏళ్ల తరబడి వాపులో ఉంటుంది. మామూలు మనిషిలో ఆ పొర ఎక్కడైనా దెబ్బతింటే ఎముక మజ్జ నుంచి వచ్చే కణాలు పూడ్చేస్తాయి. లూపస్ ఉన్నవారి ఒంట్లో ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనం ఎక్కువగా తయారై ఆ మరమ్మతు పనిని అడ్డుకుంటుంది. మంచి కొలెస్ట్రాల్ అనుకునే హెచ్‌డీఎల్ కూడా ఈ వాపులో గుణం మారి, కొవ్వును గోడ నుంచి తీసుకెళ్లే పని సరిగా చేయదు. దీని మీద స్టెరాయిడ్, బీపీ, కిడ్నీ జబ్బు కూడా తోడైతే నాళం గట్టిపడి, ముప్పైల్లోనే యాభైల్లో ఉండే తీరుకొస్తుంది.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. లూపస్ రోగులు జబ్బు మొదలైన తొలి ఏళ్లలో జబ్బు తీవ్రతతోనూ, చాలా ఏళ్లు గడిచాక గుండెపోటుతోనూ చనిపోతున్నారని కెనడాలోని టొరంటో డాక్టర్లు 1976లోనే గమనించారు. 2003లో న్యూయార్క్‌లో లూపస్ రోగులకు మెడ స్కానింగ్ చేస్తే 37 శాతం మందిలో ప్లాక్ కనిపించింది. అదే వయసువాళ్లలో లూపస్ లేనివారికి 15 శాతం. 35-44 ఏళ్ల లూపస్ స్త్రీలకు గుండెపోటు ముప్పు 50 రెట్లు ఎక్కువని 1997లో వచ్చిన మరో లెక్క ఫోన్లలో తరచూ తిరుగుతుంటుంది. దాన్ని చూసి బెంబేలు పడకండి. ఆ వయసు ఆడవాళ్లలో గుండెపోటు చాలా అరుదు. అరుదైనదానికి 50 రెట్లు అన్నా ఎక్కువమందికి వస్తుందని అర్థం కాదు. అయితే 'ఈ వయసులో గుండెజబ్బేమిటి' అని కొట్టిపారేయడం మాత్రం మీ విషయంలో కుదరదు.

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. ఐదో నెలలో పోయిన కాన్పు. లూపస్ ఉన్న కొందరి రక్తంలో యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉంటాయి. ఇవి రక్తాన్ని త్వరగా గడ్డకట్టిస్తాయి. మాయలో గడ్డకడితే కాన్పు పోతుంది, కాలి సిరలో గడ్డకడితే కాలు వాస్తుంది, మెదడులో గడ్డకడితే పక్షవాతం. మూడు నెలలు నిండాక బిడ్డ పోయిన లూపస్ రోగికి ఈ పరీక్ష జరిగి తీరాలి. మీ ఫైలులో వెతకండి: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రొటీన్. ఈ మూడూ ఉండాలి. లేకపోతే వచ్చేసారి అడిగి చేయించుకోండి. పాజిటివ్ వస్తే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేస్తారు, ఎందుకంటే ఏదైనా జ్వరం తర్వాత కొన్నాళ్లు ఊరికే పాజిటివ్ చూపించి పోవచ్చు. రెండుసార్లూ వస్తే, ముప్పు ఎంతో చూసి సాధారణంగా రోజుకు 75 నుంచి 100 మి.గ్రా. ఆస్పిరిన్ రాస్తారు. అంతవరకూ మీ అంతట మీరు ఆస్పిరిన్ మొదలుపెట్టకండి. స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండుపడి రక్తం పోయే ప్రమాదం ఉంది. పేరుకు లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అంటారుగానీ అది లూపస్ తేల్చే పరీక్ష కాదు. 'నాకు లూపస్ పరీక్ష ఎప్పుడో అయిపోయింది' అని చాలామంది దీన్ని వదిలేస్తారు.

ఇక మూత్రం నురగ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఎవరి కిడ్నీకి ఏమైనా అందరి నోటా వచ్చే మాట ఉద్దానం నీళ్లే. మీ విషయంలో ఆ మాట ప్రమాదకరం. ఉద్దానం కిడ్నీ జబ్బులో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) రక్తంలో నెమ్మదిగా పెరుగుతుంది, కానీ మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. తొలి దశలో బీపీ కూడా పెరగకపోవచ్చు. మీకు ప్రొటీన్ పోతోందేమో అనిపించే నురగ, బీపీ రెండూ ఉన్నాయి. ఇవి లూపస్ కిడ్నీని పట్టిందేమో అని ముందు అనుమానించాల్సిన లక్షణాలు. ఉద్దానం జబ్బును నయం చేసే మందు ఇంకా లేదు. లూపస్ కిడ్నీ జబ్బుకు మందులున్నాయి, కానీ త్వరగా మొదలుపెట్టాలి. 'మన ప్రాంతం అంతే' అని ఊరుకుంటే పోయేది ఆ వ్యవధే.

చేయించాల్సినవి: పొద్దున్నే తొలి మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి, మూత్రం మైక్రోస్కోపు పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, పొటాషియం, ఆల్బుమిన్, లూపస్ ఎంత చురుగ్గా ఉందో చూపే సీ3, సీ4, డీఎస్‌డీఎన్‌ఏ. మూత్ర, క్రియాటినిన్ పరీక్షల కోసం విశాఖ దాకా వెళ్లనక్కర్లేదు. 2023 డిసెంబరులో మొదలైన పలాస కిడ్నీ రీసెర్చ్ సెంటర్ మీ ఇంటి దగ్గరే. నెలసరి రోజుల్లో శాంపిల్ ఇవ్వకండి, లేని రక్తం ఉన్నట్టు చూపిస్తుంది. నిష్పత్తి 0.5 దాటితే కిడ్నీ బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) గురించి మాట్లాడతారు. సూది అనగానే భయపడి వెనక్కి తగ్గకండి. కిడ్నీలో జబ్బు ఏ రకమో తెలియకుండా మందు సరిగా ఎంచడం కష్టం. నాళాల సంగతి అడిగితే కిడ్నీ గురించి ఇంత చెబుతున్నారేమిటని మీకనిపించవచ్చు. ప్రొటీన్ పోతూ ఉంటే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, రక్తం చిక్కబడుతుంది. మెడలోని ఆ దిబ్బను పెంచేవి ఇవే.

మందుల దగ్గరకు వద్దాం. హైడ్రాక్సీక్లోరోక్విన్ మీకు జబ్బు మందే కాదు, నాళాల మందు కూడా. రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తుంది, కొవ్వులనూ షుగర్‌నూ కొంత అదుపులో ఉంచుతుంది. అందుకే దాన్ని మానకూడదు. అయితే మోతాదు చూడాలి. కిలోకు రోజుకు 5 మి.గ్రా. దాటకూడదన్నది ఇప్పటి నియమం. మీ 52 కిలోలకు అది 260. మీరు 400 వేసుకుంటున్నారు, అంటే కిలోకు 7.7. ఇంత మోతాదు ఏళ్లతరబడి వాడితే కంటి రెటీనా దెబ్బతినవచ్చు. కిడ్నీ సరిగా పనిచేయకపోతే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. వారంలో ఐదు రోజులు 200, రెండు రోజులు 400 వేసుకుంటే రోజుకు సగటున 257 పడుతుంది. ఇలా వేసుకోవచ్చా అని మీ డాక్టరును అడగండి. సొంతంగా మార్చకండి, ఒక్కసారిగా తగ్గిస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. అయిదేళ్లు వాడాక ఏటా కంటి పరీక్ష తప్పదు. మీకు తొమ్మిదేళ్లయింది. కళ్లజోడు పవర్ చూసే పరీక్ష దీనికి పనికిరాదు. రెటీనా పొరలను చూసే ఓసీటీ స్కాన్, చూపు పరిధిని కొలిచే విజువల్ ఫీల్డ్ పరీక్ష, రెండూ కావాలని చెప్పండి.

స్టెరాయిడ్ రోజుకు 5 మి.గ్రా. లేదా అంతకంటే తక్కువకు తేవాలన్నది డాక్టర్లు పెట్టుకునే లక్ష్యం. మీ 10 దానికి రెట్టింపు. జబ్బు నెమ్మదిస్తే 7.5కు, తర్వాత వారాల తరబడి ఆగుతూ ఇంకా కిందికి తగ్గిస్తారు. తగ్గించే వీలు కోసం అజాథయోప్రిన్, మైకోఫినొలేట్ వంటి మరో మందు కలపవచ్చు. ఒక్కసారిగా ఆపడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. తొమ్మిదేళ్లుగా బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒంట్లో దాన్ని తయారుచేసే గ్రంథులు పని మానేసి ఉంటాయి. మాత్ర ఆపగానే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. తిప్పతీగ సంగతి: అది రోగనిరోధక శక్తిని పెంచుతుందని తాగుతారు. మీ జబ్బే ఆ శక్తి అదుపు తప్పి సొంత ఒంటి మీద పడటం. పైగా తిప్పతీగ తాగి కాలేయం వాచినవారి కేసులు కోవిడ్ రోజుల్లో మన దేశంలోనే బయటపడ్డాయి. వద్దు.

ఊళ్లో ఇంజెక్షన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒళ్లు నొప్పులకు చేసే సూదిలో సాధారణంగా రెండు కలుపుతారు: డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్. 2 మి.లీ. డెక్సా వయల్‌లో 8 మి.గ్రా. ఉంటుంది. అది సుమారు 50 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌తో సమానం. మీ డాక్టరుగారు 10 నుంచి 7.5కు దించడానికి నెలలు చూస్తుంటే, ఒక్క సూదితో అయిదు రోజుల మోతాదు ఎక్కేస్తోంది. సాయంత్రానికి ఒళ్లు తేలికపడి 'భలే పనిచేసింది' అనిపించేది అందుకే. డైక్లోఫెనాక్ కిడ్నీకి రక్తం తగ్గిస్తుంది, బీపీ పెంచుతుంది. గుండెపోటు ముప్పు పెంచే నొప్పి మందుల్లో అది ముందు వరసలో ఉంది. నొప్పికి పారాసెటమాల్ 500 లేదా 650 వేసుకోండి. ఒక్కో మోతాదుకు ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకు 3 గ్రాములు దాటవద్దు. అప్పటికీ తగ్గని వాపు ఉంటే అది జబ్బు లేస్తోందన్న సూచన. మీ రుమటాలజీ డాక్టరుకు ఫోన్ చేయాల్సిన సమయం అది.

కొలెస్ట్రాల్ మాత్ర (స్టాటిన్) వేసుకోండి. ఎల్‌డీఎల్ 130 లోపు నార్మల్ అన్న ల్యాబ్ గీత, నాళంలో దిబ్బలేని మనిషి కోసం. స్కానింగ్‌లో ప్లాక్ కనిపించాక లక్ష్యం 70 కిందికి పోతుంది. లూపస్ ఉన్న ప్రతివారికీ స్టాటిన్ ఇవ్వనక్కర్లేదు. అలా అందరికీ ఇచ్చి చూసిన పరీక్షల్లో పెద్ద లాభం తేలలేదు. మీకు ఇవ్వడానికి కారణం ఆ ప్లాక్. మొదలుపెట్టే ముందు కాలేయం పరీక్ష, 6 నుంచి 12 వారాల తర్వాత కొలెస్ట్రాల్ పరీక్ష చేస్తారు. తొడలు, భుజాలు కొత్తగా లాగుతూ బలం తగ్గితే డాక్టరుకు చెప్పండి, సీపీకే అనే కండరాల రక్తపరీక్ష చేయించి అది లూపస్ నొప్పో, మాత్ర వల్లో చూస్తారు. గట్టిపడిన దిబ్బ కరిగి మాయం కాదు. అది పెరగకుండా, పగలకుండా నిలబెట్టడమే స్టాటిన్ చేసే మేలు. గుండెపోటు వచ్చేది ఎక్కువగా దిబ్బ పగిలి దాని మీద రక్తం గడ్డకట్టినప్పుడే కనుక ఆ మేలు చిన్నదేం కాదు.

బీపీ ఒక్కసారి ఆసుపత్రిలో చూసిన అంకెతో తేలదు. మోచేతి పైన కట్టే మిషన్ ఒకటి కొనండి, మణికట్టుది వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీకి ఆనుకుని, పాదాలు నేలకు ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టాలి. మంచం మీద పడుకుని గానీ, నేల మీద బాసింపట్టు వేసుకుని గానీ చూడవద్దు. నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. పొద్దున మాత్రకు, టీకి ముందు, మళ్లీ రాత్రి. ఇలా ఏడు రోజులు చేసి, మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీసుకెళ్లండి. లూపస్‌లో 130/80 కిందికి తేవాలని చూస్తారు. మూత్రంలో ప్రొటీన్ పోతుంటే టెల్మిసార్టన్ లేదా రామిప్రిల్ కుటుంబం మందు ముందు ఎంచుతారు. పిల్లల ఆపరేషన్ అయింది కాబట్టి ఈ మందులకూ స్టాటిన్‌కూ గర్భం భయం మీకు లేదు. మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఈ మాత్ర వేసుకునే ముందు డాక్టరును అడగండి.

తిండి గురించి ఇంట్లో మాటలు ఎక్కువ నడుస్తాయిగానీ మీ నాళాలను ముదిర్చింది నెయ్యి కాదు. అన్నంలో ఒక చెంచా నెయ్యి, వారంలో రెండుసార్లు కొబ్బరి పచ్చడి తింటే ఏమీ కాదు. నూనె అన్నీ కలిపి మనిషికి నెలకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు. వేయించిన నూనె మళ్లీ కాచవద్దు. ఉప్పు దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. రోజుకు 5 గ్రాములు అంటే నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి, ఆవకాయలోదీ ఎండుచేపల్లోదీ కలిపి. మీ ఇంట్లో ప్యాకెట్ ఎన్నాళ్లకు అయిపోతోందో ఒకసారి తేదీ రాసి చూడండి. ఉప్పు చేపలకు బదులు పచ్చి కవళ్లు, కానాగర్తలు వారంలో రెండుసార్లు పులుసు పెట్టుకోండి, నాళాలకు మంచి కొవ్వు వాటిలో ఉంది. పని దగ్గర దొరికే జీడిపప్పు ఉప్పు కలపనిదైతే గుప్పెడు తినవచ్చు. చోడి అంబలి మంచిదే. కొబ్బరి బొండాలు మాత్రం క్రియాటినిన్, పొటాషియం తేలేదాకా ఆపండి. ఒక్క బొండంలో అరటిపండులో కంటే ఎక్కువ పొటాషియం ఉంటుంది. కిడ్నీ మందగించి, పైన టెల్మిసార్టన్ కూడా ఉంటే అది గుండె లయ తప్పిస్తుంది. 'లో సోడియం' ఉప్పుతోనూ ఇదే చిక్కు, అందులో ఉండేది పొటాషియమే.

అత్తగారి చుట్ట విషయంలో మీ అనుమానం నిజం. శ్రీకాకుళం తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. ఏ రకంగా కాల్చినా గదిలో నిండే పొగ మీ నాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. పెద్దవయసులో ఆవిడ మానేస్తారని ఆశ పెట్టుకోవడం కంటే, ఇంట్లో కాకుండా పెరట్లో కాల్చుకోమని ఒప్పించడం జరిగే పని. మీ మాట కంటే మీ ఆయన మాట, డాక్టరు మాట ఆవిడ దగ్గర ఎక్కువ చెల్లుతాయేమో చూడండి.

రోజంతా కూర్చుని పప్పు ఏరే పని కాబట్టి నడక విడిగా పెట్టుకోవాలి. రోజుకు 30 నిమిషాలు, వారంలో అయిదు రోజులు, కాస్త ఆయాసం వచ్చినా మాట్లాడగలిగేంత వేగంతో. ఎండ లూపస్‌ను రెచ్చగొడుతుంది కాబట్టి సూర్యుడు పైకి రాకముందే ముగించండి. పనికి వెళ్లి వచ్చేటప్పుడు గొడుగు, పొడుగు చేతుల జాకెట్టు.

చివరగా, ఛాతీ బరువు. ఆడవాళ్లలో గుండెనొప్పి చాలాసార్లు దవడ లాగడం, పై కడుపులో మంట, ఆయాసం, చెమటలు పట్టి వాంతి వచ్చినట్టుండటం ఇలా వస్తుంది. ఇంట్లో అందరూ గ్యాస్ అని సోడా తాగిస్తారు. పడుకుంటే ఎక్కువై, ముందుకు వంగితే తగ్గే నొప్పి గుండె పైపొర వాపు కావచ్చు. అది కూడా లూపస్‌లో వచ్చేదే, దానికీ ఆ రోజే ఈసీజీ తీయాలి. ఛాతీలో బరువు పది నిమిషాలు దాటి ఉంటే, మూతి వంకరపోతే, మాట తడబడితే, ఒక చెయ్యి లేవకపోతే 108కి ఫోన్ చేయండి. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే 'నాకు లూపస్ ఉంది, మెడ నాళంలో ప్లాక్ ఉంది' అని చెప్పి రిపోర్టు చూపించండి. వయసు 36 అని చూసి గ్యాస్ మాత్ర ఇచ్చి పంపేస్తుంటే గుండెపోటును పట్టే ట్రోపోనిన్ రక్తపరీక్ష అడగండి. మొదటి ఈసీజీ నార్మల్ అన్నా నొప్పి ఉన్నంతసేపూ అక్కడే ఉండి రెండోసారి తీయించుకోండి.